స్వర్గీయ లబ్ధిదారుడు

ఆడమనిషి కావడానికి వయసు అడ్డు కాకూడదని, తాను పదవిలో ఉండగా అడ్డు కానివ్వనని, రాష్ట్ర ఆరోగ్య శాఖామాత్యులు గౌరవనీయ వుయిసిలే ద్వాషు గారు సోమవారం పొద్దున్నే రేడియోలో ప్రకటించారు. ప్రకటించి చేతులు దులుపుకునే రకం కాదు ఆయన. పథకానికి 'మలిసంధ్యలో మహిళ' అని పేరు పెట్టారు, దాని మీద పాట రాయించారు, బొమ్మ గీయించారు. బొమ్మలో ఒక పక్క సూర్యుడు అస్తమిస్తుంటాడు, ఇంకో పక్క ఒక స్త్రీ ఉదయిస్తుంటుంది, మధ్యలో మంత్రిగారు నవ్వుతుంటారు.

క్వాజోలా అనే ఊళ్లో తన వంటింట్లో నిలబడి ఆ ప్రకటన వింటున్న నోజుకో, నూనెలో వేసిన పిండిముద్ద తిప్పడం మర్చిపోయింది. అది మాడిపోయింది. "పోతే పోయింది, నా తండ్రే, నా ద్వాషే!" అని రేడియోకి దండం పెట్టింది. నోజుకో పార్టీ మనిషి. అరవై ఏళ్లు దాటిన ఆ జీవితంలో సగం పార్టీ మైకు వ్యాను నడుపుతూ, మైకులో అరుస్తూనే గడిచింది. అన్నాళ్లూ మగవాడిగానే నెట్టుకొచ్చింది. రిటైరైన సాయంత్రం వ్యాను తాళాలు అప్పగించి ఇంటికొచ్చి, ప్యాంటు మడిచి పెట్టెలో పెట్టి, స్కర్టు వేసుకుని తలగుడ్డ చుట్టుకుని వీధిలోకి వచ్చింది. ఊరు ఒక నెల గుసగుసలాడి, తర్వాత వేరే సంగతులు దొరికి వదిలేసింది.

జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ అప్పట్లో ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఈ వయసులో హార్మోను మాత్రలు వద్దమ్మా, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒంటికి అంటించుకునే పట్టీలే మీకు. వారానికి రెండు, బొడ్డు కింద. చర్మం మెత్తబడుతుంది, రొమ్ములు కాస్త వస్తాయి. గొంతు మాత్రం మారదు, ఆశ పెట్టుకోకండి."

గొంతు పోతేపోనీ అనుకుంది నోజుకో. పట్టీలు పనిచేశాయి. చెంపలు మెత్తబడ్డాయి, జాకెట్టు బిగుసుకుంది. అన్నిటికన్నా మించి, పొద్దున లేవగానే ఒళ్లు తనదే అనిపించడం మొదలైంది. అలా అనిపిస్తుందని అంతవరకూ ఆమెకి తెలియదు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో పట్టీలు అయిపోయాయి. ఉన్నవాటిని కత్తెరతో సగాలు చేసి వాడుకుంది. ఆఖరి సగం అంచులు లేచిపోతుంటే మీద బ్యాండేజీ టేపు వేసి అదిమిపెట్టుకుంది. మళ్లీ వేళకాని వేళ చెమటలు, గడ్డం కింద గరుకు, ఊరికే ఏడుపు. ఆ ఒళ్లు మళ్లీ పరాయిదైపోతుందేమోనని ఆమెకి ప్రాణభయంగా ఉండేది.

దీనికి తోడు అక్క నోమవెతు బాధ ఒకటి. పక్కిల్లే. క్వాజోలాలో మనిషిని వంశం పేరుతో పిలవడం మర్యాద. భేలే వంశంలో మగవాడైతే 'భేలే', ఆడదైతే 'మాభేలే'. పెళ్లయి ఎవరింటికి వెళ్లినా ఆడదానికి పుట్టింటి వంశం పేరే చచ్చేదాకా. నోమవెతు చెల్లెలికి స్కర్టులు తనే కుట్టిచ్చింది, తలగుడ్డ ముడి నేర్పింది, గుసగుసలాడిన వాళ్ల కొంపల ముందుకెళ్లి దుమ్మెత్తిపోసింది. ఆ ఒక్క 'మా' మాత్రం ఇవ్వలేకపోయింది.

"నోరు తిరగట్లేదే, నన్నేం చెయ్యమంటావ్, భేలే?" అనేది.

"అలవాటైపోతుందిలే అక్కా," అనేది నోజుకో. అనేసి ఇంట్లోకొచ్చి మొహం కడుక్కునేది.

ప్రకటన వెలువడ్డ వారానికే క్వాజోలాలో పథకం ప్రారంభమైంది. క్లినిక్ పాతదే. అయినా ముందు గోడకి గులాబీ రంగు వేశారు గనక కొత్తదిగా పరిగణించాలని కలెక్టరేటు నుంచి కబురొచ్చింది. మంత్రిగారి పత్రికా సంబంధాల అధికారి లుతాండో, సూటు మీద చెమటలు కక్కుతూ ఊరంతా తిరిగి, "మలిసంధ్యలో ఉన్న మహిళ ఒకరు అర్జెంటుగా కావాలి, రిబ్బను కత్తిరించే వేళైంది," అని వాకబు చేసి నోజుకోని పట్టుకున్నాడు.

వేదిక మీద మంత్రిగారు ఆమెకి తలుపంత అట్టపట్టీ ఒకటి బహూకరించారు. దాని మీద మంత్రిగారి ఫోటో ఉంది. బ్యాండు మోగింది. నోజుకో దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని, అట్ట వెనక నుంచి తల మాత్రం బయటపెట్టి మెల్లగా అడిగింది.

"అయ్యగారూ, ఇది ఒంటికెలా అంటించుకోవాలండీ?"

"ఇది ప్రతీక తల్లీ. నవ్వండి, అటు కెమెరా."

"అసలుదో?"

"అసలుది దీనికంటే చిన్నగా ఉంటుంది," అన్నారు మంత్రిగారు. శాఖ మీద ఆయనకున్న పట్టు అటువంటిది.

ఫోటో అయ్యాక ఇద్దరు మనుషులొచ్చి అట్టపట్టీ ఆమె చేతుల్లోంచి లాక్కుని లారీ ఎక్కించారు. మధ్యాహ్నం పక్క జిల్లాలో కూడా దాన్నే బహూకరించాలి. నోజుకో లోపలికెళ్లి మందుల కిటికీ దగ్గర నిలబడింది. కిటికీ వెనక నర్సు బుకీవే ఉంది.

"డాక్టరమ్మ చీటీ మీద ఇచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు పట్టీలు ఆడవాళ్ల పద్దులో వస్తాయి. కంప్యూటర్లో మీరు మగాడు. నేనిచ్చినా అది ఇవ్వనివ్వదు," అంది.

ఈ మాట మంత్రిగారి చెవిన పడింది. ఆయన కళ్లెర్రబడ్డాయి. కెమెరాలు లోపలికొచ్చేదాకా ఆగి, అప్పుడు బల్ల గుద్దారు. అక్కడికక్కడే రెండు ఉత్తర్వులిచ్చారు. మొదటిది, కంప్యూటర్లో ఉన్న ఈ మగమనిషి నంబరు మీదే, మగవాడైనా సరే, పట్టీలు రాజధాని నుంచి ప్రత్యేకంగా పంపాలి, జీవితాంతం, నెల తప్పకుండా. రెండోది, ఈమె గుర్తింపు కార్డు ఇవాళే ఆడమనిషిదిగా మార్చాలి. ఒక్క ఉత్తర్వుతో అయ్యే పనికి రెండివ్వడం ఆయన ఉదారగుణం.

సైరన్ల మధ్య నోజుకోని కార్డుల ఆఫీసుకి తీసుకెళ్లారు. అక్కడి గుమాస్తా మంచివాడు, ఆలస్యం చెయ్యలేదు. అయితే ఒక చిక్కుంది. ఆ దేశపు గుర్తింపు నంబరులో ఆడా మగా అన్నది అంకెల్లోనే ఉంటుంది. ఆడమనిషైతే నంబరే కొత్తది.

"కొత్త నంబరిచ్చాను సార్. పాత నంబరు మూసెయ్యాలి. కారణం అడుగుతోంది," అన్నాడు గుమాస్తా లుతాండోతో.

"మారింది అని కొట్టవయ్యా."

"అది లేదు సార్. కంప్యూటర్లో రెండే ఉన్నాయి. దేశం విడిచాడు, లోకం విడిచాడు."

"దేశం విడిచాడని కొట్టు."

"దానికి పాస్‌పోర్టు అడుగుతుంది."

"లోకం విడిస్తే ఏం అడుగుతుంది?"

"ఏమీ అడగదు సార్."

"మరింకేం!" అన్నాడు లుతాండో. అవతల మంత్రిగారికి భోజనం వేళయింది.

నోజుకో ఇదేదీ వినలేదు. కార్డు మీద 'స్త్రీ' అన్న చోట వేలితో తడుముతూ కూర్చుంది. ఇంటికెళ్లగానే అక్కకి చూపించింది. నోమవెతు కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఫోటోలో తలగుడ్డ వంకరగా ఉంది. నేనొచ్చి కట్టేదాన్ని కదా, భేలే," అంది.

రాజధాని నుంచి పట్టీలు నిజంగానే వచ్చాయి. ప్రభుత్వాన్ని ఆడిపోసుకునేవాళ్లు ఇది గమనించాలి. నోజుకో కొత్త కార్డు పట్టుకుని పరుగున వెళితే నర్సు బుకీవే లేచి నిలబడి, చేతులు కట్టుకుంది.

"పట్టీలొచ్చాయమ్మా, ఆయనకి. కానీ ఆయన పోయారు."

"ఎవరు పోయారు?"

"ఆయనే. ఆ నంబరాయన. చూడండి, ఎర్రగా వస్తోంది."

"అది నేనే కదటే! నువ్వు నన్ను ఎరగవూ?"

"నేనెరుగుదును, అది ఎరగదు. మీ నంబరు వేరు. మీరు కొత్త పేషెంటు. కొత్తవాళ్లు వరసలో ఉండాలి. ముందున్నవాళ్లవి కూడా ఇంకా రాలేదు, రెండేళ్లో మూడేళ్లో."

"మరి వచ్చినవి?"

"పోయినవాళ్ల మందులు వాళ్ల భార్య సంతకం పెట్టి తీసుకోవచ్చు. ఉందా?"

"లేదు."

"అయ్యో పాపం! ఒంటరిగానే పోయాడా మహానుభావుడు," అని నర్సు బుకీవే కళ్లొత్తుకుంది.

ఇది ఇలా ఉండగా, పథకం తొలి లబ్ధిదారుడు పట్టీ అందుకున్న వారంలోపే మరణించినట్టు కంప్యూటరు రాజధానికి తెలియజేసింది. ప్రతిపక్షం చెవిన పడితే రచ్చ చేస్తుంది. మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించి, రచ్చ ఎవరో చేసేలోపు అంత్యక్రియలు మనమే చేసేద్దాం అన్నారు. ఆయనకి అంత్యక్రియలు కొట్టినపిండి. శనివారం వస్తే ఆయన రెండు చోట్ల ఏడ్చి, మూడో చోటికి సంతాపం పంపుతారు.

శనివారం పొద్దున నోజుకో తలుపు తీసేసరికి వాకిట్లో తెల్ల షామియానా లేచింది. ప్లాస్టిక్ కుర్చీలు దిగుతున్నాయి, చర్చి పాటల బృందం గొంతులు సవరించుకుంటోంది, పెరట్లో చావు భోజనాలకి ఆవుని కోస్తున్నారు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినా రాని నీళ్ల ట్యాంకరు గుమ్మం ముందు నిలబడి ఉంది. అట్టపట్టీకి పూలదండ వేసి గోడకి ఆనించారు. దాని పక్కన నల్లటి శవపేటిక, మూత బిగించి ఉంది. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. మంత్రి వచ్చే చోట శవం లేని లోటు తెలియదు.

లుతాండో హడావిడిగా వస్తూ గుమ్మంలో ఆమెని చూసి ఠక్కున ఆగిపోయాడు.

"అమ్మా! మీరు... ఉన్నారా?"

"ఉన్నానయ్యా."

"ఎవరితోనైనా చెప్పారా?"

"ఏమని?"

"ఉన్నట్టు." అతను చుట్టూ చూసి ఆమెని లోపలికి లాక్కెళ్లాడు. "అమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను. మంత్రిగారు బయల్దేరిపోయారు. ప్రసంగం అచ్చయిపోయింది. బస్సుల్లో జనం వస్తున్నారు. ఇదిగో, ఇది చూడండి." జేబులోంచి ఒక ప్యాకెట్టు తీశాడు. దాని మీద పేరు పాతదే, నోజుకో ఎవరి నోటా వినడానికి ఇష్టపడని పేరు. లోపలివి మాత్రం అసలు పట్టీలు. "మీరు ఈ ఒక్కరోజు ఆయన భార్యగా కూర్చోండి. మంత్రిగారే స్టేజీ మీద మీ చేతికిస్తారు. ఇకమీదట నెలనెలా భార్య హోదాలో మీరే తెచ్చుకోవచ్చు. నల్ల శాలువా కప్పుకుని తలొంచుకోండి. నోరు మాత్రం విప్పకండి. ఆ మైకు గొంతు ఈ జిల్లాలో ఎరగనివాడు లేడు."

నోజుకో బొడ్డు కింద చెయ్యి పెట్టి చూసుకుంది. టేపు కూడా ఊడివస్తోంది.

"తే ఆ శాలువా," అంది.

ఊళ్లో వాళ్లకి చచ్చిందెవరో, చావందెవరో తెలుసు. అయినా అందరూ వచ్చారు. ఆవుని కోశాక, చచ్చిందెవరని ఆరా తీయడం బాగుండదు కదా! బస్సుల్లో దిగిన పల్లెటూరి పెద్దలకి మాత్రం ఏమీ తెలియదు. నోమవెతు ముందు వరసలో కూర్చుని, నల్ల శాలువాలో ఉన్న చెల్లెల్ని, పేటికని, మార్చి మార్చి చూసి, "ఈ దిక్కుమాలిన సంత ఏమిటో!" అని పైకే అంది. పక్కనున్నవాళ్లు ఆమెది దుఃఖమనుకుని భుజం తట్టారు.

మంత్రిగారు మాట్లాడారు. పోయినవాడు తనకి తమ్ముడి వరస అన్నారు. గత ప్రభుత్వ నిర్లక్ష్యమే అతన్ని పొట్టనపెట్టుకుందన్నారు. గత ప్రభుత్వంలోనూ ఆరోగ్య మంత్రి ఆయనే గనక నిర్లక్ష్యాన్ని చాలా వివరంగా వర్ణించగలిగారు. జేబురుమాలు ఒకటి తడిసిపోతే లుతాండో రెండోది అందించాడు. చివరికి ప్యాకెట్టు పైకెత్తి చూపించారు.

"ఇవి అతని పట్టీలు. వీటిని అతని అర్ధాంగి చేతిలో పెట్టే ముందు ఆ తల్లిని సంప్రదాయంగా పలకరించడం నా ధర్మం. అమ్మా, తమరు ఏ వంశపు ఆడపడుచు?"

మైకు ఆమె నోటి ముందు పెట్టారు. ప్రసంగంలో ఇది లేదు. లుతాండో వంగి ఆమె చెవిలో గొణిగాడు.

"మాటోలో అనండి. మాద్లామిని అనండి. ఏదైనా అనండి, భేలే తప్ప. ఒకే వంశంలో పెళ్లంటే ఈ ముసలాళ్లు మనల్ని బతకనివ్వరు."

ప్యాకెట్టు జానెడు దూరంలో ఉంది. గుసగుసగా ఏదో ఒక పేరు అనేస్తే చాలు. నోజుకో మైకు వంక చూసింది. సగం జీవితం దాంట్లో మాట్లాడింది. పార్టీ పేరు చెప్పింది, ఈ ద్వాషు పేరు వీధివీధికీ వినిపించింది, పోయినవాళ్ల పేర్లు చెప్పి జనాన్ని అంత్యక్రియలకి పిలిచింది. తన పేరు అందులో ఒక్కసారీ చెప్పుకోలేదు. ఎదురుగా అక్క కళ్లజోడు సర్దుకుంటోంది. నోజుకోకి ప్యాకెట్టు కావాలి, ప్రాణం పోయేంత కావాలి. కానీ ఇంకొకరి వంశం పేరు నోట్లోంచి రానంది.

మైకు చేతిలోకి తీసుకుంది.

"మాభేలే," అంది. మైకు వ్యాను గొంతుతోనే, ఆ చివరి కుర్చీదాకా.

పాటల బృందం ఆగిపోయింది. బస్సులో వచ్చిన ఒక పెద్దాయన కర్ర ఊతగా లేచాడు. "భేలే ఇంట్లో భేలే పిల్లా? అన్నాచెల్లెళ్లకి పెళ్లి చేశారా? ఇదేనా మీ కొత్త పథకం?" అని గద్దించాడు. ఇంకొకాయన, "పెళ్లి సంగతి సరే, అది చచ్చినవాడి గొంతురా! నేనెరుగుదును!" అని కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. మంత్రిగారు ప్యాకెట్టు వెనక్కి లాక్కున్నారు.

అప్పుడు నోమవెతు లేచింది.

"ఎవడ్రా అది పెళ్లాం అన్నది? నోళ్లు కడుక్కోండి! పెళ్లాం కాదు, గిళ్లాం కాదు. అది నా తోడబుట్టింది. మా నాన్నకి ఇద్దరం ఆడపిల్లలం. నేను పెద్దదాన్ని, అది చిన్నది. మాభేలే అంటే మాభేలేనే. ఇంకొక్క మాటన్నారంటే ఆవు మాంసం ఒక్క ముక్క ముట్టనివ్వను!" అని గాలి పీల్చుకుని, చెల్లెలి వైపు తిరిగి, "కూర్చోవే మాభేలే, ఎంతసేపని నిలబడతావ్," అంది.

నోజుకో కూర్చుంది. కూర్చుని, శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. పోయినవాడి మీద ఎంత ప్రేమో అని జనం కరిగిపోయారు. గొంతు కలిసినందుకు కూడా, రక్తసంబంధం కదా అని పెద్దలు సర్దుకున్నారు.

మంత్రిగారు మాత్రం ఇరుకున పడ్డారు. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "మరి భార్య ఏదయ్యా?" అన్నారు.

"లేదు సార్," అన్నాడు లుతాండో.

"చెల్లెలికిచ్చెయ్యనా?"

"రూలు ఒప్పుకోదు సార్. భార్యకే."

"వెనక్కి పట్టుకెళ్తే?"

"కెమెరాలున్నాయి సార్."

నాయకుడికి, మామూలు మనిషికి తేడా ఇటువంటప్పుడే తెలిసేది. మంత్రిగారు నిటారుగా నిలబడి, ప్యాకెట్టు ఆకాశంలోకి ఎత్తి, గర్జించారు. "జీవితాంతం ఇస్తానని మాటిచ్చాను! జీవితం అయిపోయిందని మాట తప్పే మనిషినా నేను? ఇతని మందులు ఇతనికే! ఈ నెలే కాదు, ప్రతి నెలా, సకల మర్యాదలతో, ఇతని సమాధి మీదే పెట్టిస్తాను!"

షామియానా చప్పట్లతో ఊగింది. పేటికని కొండవాలు శ్మశానంలో పాతిపెట్టారు. 'తొలి లబ్ధిదారుడు' అని నల్లరాయి నిలబెట్టారు. దాని మీద మంత్రిగారు ప్యాకెట్టు ఉంచి, మౌనం పాటించి, మాంసం తిని, వెళ్లిపోయారు.

మంత్రిగారు మాట తప్పలేదు. నెల మొదట్లో ఆరోగ్య శాఖ కారు శ్మశానం గేటు దగ్గర ఆగుతుంది. లుతాండో టై సర్దుకుని ప్యాకెట్టు రాతి మీద పెడతాడు, సెల్యూట్ కొడతాడు, ఫోటో తీసుకుంటాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని గట్టిగా నిర్ధారించుకుని, కలబంద పొద వైపు ఒక్కసారి తల ఊపి, కారెక్కుతాడు. కారు మలుపు తిరగ్గానే పొద వెనక నుంచి అక్కాచెల్లెళ్లిద్దరూ లేస్తారు. అవతల నుంచి శ్మశానంలో మేసే మేక ఒకటి కూడా బయల్దేరుతుంది. దానికి అట్టడబ్బాలంటే ప్రాణం.

"మేక వస్తోంది! పరిగెత్తవే మాభేలే!" అని అరుస్తుంది నోమవెతు మోకాళ్లు పట్టుకుని.

"వస్తున్నానక్కా, స్కర్టు తట్టుకుంటోంది!"

రాతికి ఆనుకుని కూర్చుని, ఆయాసం తీరాక, నోమవెతు పట్టీ ఒకటి ఒలిచి చెల్లెలి పొట్ట మీద అంటించి, అరచేత్తో వెచ్చగా అదిమిపెడుతుంది. ఇద్దరూ కాసేపు ఊరి కబుర్లు చెప్పుకుంటారు. మేక దూరం నుంచి చూస్తుంటుంది.

సంవత్సరాంతంలో ప్రతిపక్షం వారు పథకం సంగతి శాసనసభలో అడగనే అడిగారు. మంత్రిగారు అంకెలతో జవాబిచ్చారు. లబ్ధిదారుడు ఒక్క నెల కూడా మందు మానలేదన్నారు. సమాధి మీద ప్యాకెట్టు మిగిలిన దాఖలా లేదన్నారు. అతని నుంచి నేటివరకు ఒక్క ఫిర్యాదు రాలేదని, రాష్ట్రంలో ఇంత క్రమశిక్షణ గల రోగి మరొకరు లేరని చెబుతూ ఆయన గొంతు గద్గదమైంది. సభ బల్లలు చరిచింది.

ఈ విజయం చూసి, వరసలో ఏళ్లుగా నిరీక్షిస్తున్న మిగతావాళ్లందరినీ కూడా త్వరలోనే కార్డుల ఆఫీసుకి పంపిస్తామని మంత్రిగారు ప్రకటించారు. క్వాజోలా శ్మశానం ముందు గోడకి గులాబీ రంగు వేస్తున్నారు.